చట్టికి పదహారు నిద్రలు

మోకాళ్లు మొరాయించి కుమ్మరి సారె ముందు కూర్చోవడం మానేసి మూడేళ్లయింది. సారె తిప్పినన్నాళ్లూ నా దగ్గరికి నేర్చుకోవడానికి ఒక్కడు రాలేదు. మానేశాక వస్తున్నారు. చదువుకున్న పిల్లలు, కరెంటు సారెలు కొనుక్కుని, మట్టి పాత్రల వ్యాపారం పెడతామంటూ నల్లపాడు స్టేషన్లో దిగి మా ఊరు అడుగుతూ వస్తున్నారు. రాగానే అందరిదీ ఒకటే మాట: "తాతగారూ, సారె మీద చెయ్యి ఎలా నిలపాలో చూపించండి."

చూపిస్తాను. దానికేం, పది రోజులు కూర్చుంటే చెయ్యి నిలుస్తుంది. కానీ సారె మీద పని మా పనిలో వీసమెత్తు. మిగతాది ఎవరూ అడగరు కాబట్టి రాసి పెడుతున్నాను. నేను చేసినవన్నీ వంటింటి సామాను: పులుసు చట్టి, పెరుగు ముంత, మూకుడు, పిడత, వాటి మూతలు. పెళ్లి కుండలకి రంగులు వేసే నేర్పు నాకు లేదు. ఉందని ఎప్పుడూ చెప్పుకోలేదు కూడా.

మట్టి

మా మేనమామ వీరయ్య దగ్గర పని నేర్చుకున్నాను. ఆయన కూతురు కోటమ్మనే చేసుకున్నాను. అంటే ఆయన నాకు రెండు రకాలా మామ, ఒక రకంగా యజమాని. తిట్టడానికి ఆయనకు ఎప్పుడూ ఏదో ఒక హక్కు ఉండేది.

మొదటి ఏడాది నన్ను సారె ముట్టుకోనివ్వలేదు. చెరువు మట్టి తేవడం, ఎండబెట్టడం, చితక్కొట్టడం, నానబెట్టడం, తొక్కడం, అంతే. మధ్యాహ్నం కాళ్లు లాగుతున్నాయంటే, "కాళ్లకి తెలిసింది చేతులకి తెలియదురా, తొక్కు," అనేవాడు. నాకు ఒళ్లు మండేది. తర్వాత అర్థమైంది. మట్టిలో ఇసుక గరుకు, వేరు ముక్క, రాయి, ఏది ఉన్నా ముందు పసిగట్టేది అరికాలే. ఇప్పుడు మట్టిని సంచుల్లో కొనుక్కునే పిల్లలకి నేను చెప్పేది ఒకటే. కొనుక్కోండి, తప్పు లేదు, కానీ సంచి విప్పి ఒకసారి తొక్కి చూడండి.

కుండలు కాల్చే ఆవంలో కట్టె కూడా అంతే. మా వైపు పత్తి కట్టె, మిరప కట్టె దండిగా దొరుకుతుంది. మిరప కట్టె బాగా మండుతుంది కానీ అందులో నాలుగు కాయలు మిగిలిపోయాయా, ఊరంతా దగ్గి మనల్ని తిడుతుంది. ఒకసారి నేను చూసుకోకుండా అంటించాను. పక్కింటావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చి, "కుండలు కాలుస్తున్నావా, మాకు దిష్టి తీస్తున్నావా?" అని అడిగింది. అప్పటినుంచి కట్టె దులిపి గాని వేయలేదు.

కొనేవాళ్లు

మాకు పని నేర్పేది సగం గురువు, సగం కొనేవాళ్లు. ఎవరూ చట్టిని కళ్లతో కొనరు. ఎడమ చేతిలో పట్టుకుని కుడి చేతి వేలి కణుపుతో కొడతారు. కంగుమంటే తీసుకుంటారు, బొద్దుమంటే పక్కన పెడతారు. ఈ పరీక్ష మంచిదే. బీటను పట్టిస్తుంది. బీట కానిదాన్ని పట్టించదు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

గుంటూరులో కొట్టున్న ఒకాయన చట్లు నిగనిగలాడాలని, వార్నిష్ పూసి ఇమ్మని అడిగాడు. వార్నిష్ పూసిన చట్టిలో పులుసు పెడితే ముందు ఉడికేది వార్నిషే. చేయనన్నాను. ఆయన వేరేవాళ్ల దగ్గర చేయించుకున్నాడు, బాగానే అమ్ముకున్నాడు. మంచి పని చేస్తే వెంటనే మంచి జరుగుతుందని మీతో ఎవరైనా అంటే నమ్మకండి. ఊరగాయకి మట్టి కుండ కావాలని ఎవరైనా వస్తే మాత్రం లేదని చెప్పి పంపండి. ఉప్పు గోడలోంచి బయటికి పూసి, కుండ పొరలు పొరలుగా రాలిపోతుంది. ఊరగాయ పోగొట్టుకున్న ఇల్లాలు పదేళ్లయినా మరిచిపోదు.

నాకు ఎక్కువ నేర్పింది మస్తాన్‌బీ అక్క. మిరపకాయల యార్డు దగ్గర ఒక హోటల్లో వంట చేసేది. నాకంటే ఆరేడేళ్లు పెద్దది. నేను మొదట్లో మూతని చట్టి మీద టోపీలా కూర్చునేట్టు చేసేవాణ్ణి. ఒక రోజు ఆవిడ మూత తెచ్చి నా ముందు పెట్టింది.

"సుబ్బయ్యా, నువ్వెప్పుడైనా వంట చేశావా?"

"లేదక్కా."

"తెలుస్తానే ఉంది. ఆవిరి పట్టిన నీళ్లన్నీ బయట కారి పొయ్యి ఆర్పుతున్నాయి. మూత చట్టి లోపలికి దిగి కూర్చోవాల. అప్పుడు ఆ నీళ్లు మళ్లీ పులుసులోనే పడతాయి."

మామ ముప్పై ఏళ్లుగా టోపీ మూతలే చేస్తున్నాడు. ఆయనకి చెబితే, "వండేవాళ్లు చెబితే వినాలిరా," అని ఒక్క మాట అని, మర్నాడే అంచు మార్చాడు. ఆయన నోరు ఎంత గట్టిదైనా చెవులు పెద్దవి.

మామ పెట్టిన నిద్రలు

ఇక అసలు సంగతి. మామకి ఒక పద్ధతి ఉండేది. ఆవం విప్పాక కుండల్ని వెంటనే అమ్మనిచ్చేవాడు కాదు. బావి పక్కన నీడలో ఇసుక పరిచి, కాలిన సామానంతా దాని మీద బోర్లించేవాడు. రోజూ తెల్లవారగానే దాని మీద నీళ్లు చల్లాలి. అలా పదహారు రోజులు. "కొత్త అల్లుడికి మూడు నిద్రలు, కొత్త చట్టికి పదహారు," అనేవాడు. పెళ్లయ్యాక అల్లుడు అత్తారింట్లో మూడు నిద్రలు చేయడం అందరికీ తెలిసిందే. చట్టికి ఎందుకో, అందులోనూ పదహారు ఎందుకో ఆయన చెప్పలేదు.

"ఎందుకు మామా?" అని అడిగాను ఒకసారి.

"మా తాత చేయించేవాడు."

"ఆయనెందుకు చేయించేవాడు?"

"నువ్వు మా తాతని చూళ్లేదు కాబట్టి అడుగుతున్నావు. చూస్తే అడగవు."

అదీ సమాధానం. ఇన్నేళ్లలో ఆ ఇసుక మీద ఒక్క చట్టి కూడా చెడిపోవడం నేను చూడలేదు. ఆర్డరు వాళ్లు తొందర పెడుతుంటే, కాలిన సరుకు కళ్ల ముందు పెట్టుకుని రోజూ నీళ్లు చల్లుతూ కూర్చోవడం నాకు పిచ్చిపనిలా ఉండేది. ముసలాయన చాదస్తం అని కోటమ్మతో గొణిగేవాణ్ణి. ఆవిడ వాళ్ల నాన్న పక్షం కాబట్టి పలికేది కాదు.

ఒక జాగ్రత్త పని చేస్తున్నంతకాలం అది అనవసరంగానే కనిపిస్తుంది. ఈ ముక్క నాకు అప్పుడు తెలియదు.

అరవై చట్లు

పదేళ్ల పైమాట. మస్తాన్‌బీ అక్క హోటల్లో పని మానేసింది. యాభై దాటాక, ఉన్న పని వదులుకుని, యార్డు వెనక సందులో ఒక గది అద్దెకి తీసుకుని సొంతంగా భోజనం పెడతానంది. పులుసు గాని, మాంసం గాని, ఎవరి చట్టి వాళ్లకే పొయ్యి మీంచి నేరుగా బల్ల మీదికి. అదీ ఆవిడ ఆలోచన. గుమ్మం మీద "మస్తాన్‌బీ చట్టి భోజనం" అని బోర్డు రాయించింది. అరవై చిన్న చట్లు చెప్పింది. శుక్రవారం ప్రారంభం.

"చట్లు నీవి, పేరు నాది. రెండూ నిలబడాల," అంది.

అప్పటికి మా చెరువుని తాగునీటి చెరువు చేశారు. మట్టి తీయకూడదన్నారు. నేను రోడ్డు వాళ్లు తవ్విన ఒక నల్లరేగడి గోతిలోంచి మట్టి తెచ్చాను. అందులో తెల్లగా సున్నపు రాళ్లు ఉన్నాయి. ఏరాను. జల్లెడ పట్టాను. గుడ్డలో వడకట్టాల్సింది, ఆ పని చేయలేదు. తొక్కేటప్పుడు కాలికి సన్నగా గింజల్లా తగులుతూనే ఉంది. మొదటి ఏడాదంతా తొక్కించి మామ నేర్పింది దేనికో ఆ కాలికి తెలుసు. నేనే వినలేదు.

మధ్యలో నాలుగు రోజులు ముసురు పట్టి చట్లు ఆరలేదు. ఆవం విప్పేసరికి ఆదివారం అయింది. బంగారంలా కాలాయి. ప్రతిదాన్నీ కొట్టి చూశాను, ప్రతిదీ కంగుమంది. రెండే రెండు నిద్రలు చేయించి, మంగళవారం పొద్దున్నే గడ్డి పరిచి ఆటోలో పేర్చాను.

మామకి అప్పుడే కంటి ఆపరేషను అయింది. రెండు కళ్లకీ ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని వసారాలో మంచం మీద ఉన్నాడు. ఆటో చప్పుడు విని పిలిచాడు.

"ఏరా, సరుకు పోతోందా?"

"పోతోంది మామా."

"నిద్రలయ్యాయా?"

"అయ్యాయి."

ఆయన ఇంకేం అడగలేదు.

బుధవారం రాత్రి భోజనానికి కూర్చున్నాం. అదే ఆవంలో అంచు వంకర పోయిన చట్టిని కోటమ్మ ఇంట్లో వాడుకుంటోంది. వంకాయ పులుసు వేసుకుని ముద్ద నోట్లో పెట్టుకుంటే పంటి కింద పెంకు తగిలింది. చట్టి దీపం దగ్గర పెట్టి చూశాం. లోపల గోడకి బఠాణీ గింజంత పెచ్చు లేచిపోయింది. ఆ గుంట మధ్యలో తెల్లటి చుక్క.

కోటమ్మ వేలితో ఆ చుక్కని గీకి చూసింది. "ఇది సున్నం కదయ్యా. ఇంటికి వేసే సున్నపురాయి కాల్చి నీళ్లు పోస్తే ఏమవుద్ది? ఉబ్బి పగులుద్ది. ఇదీ అంతే. ఆవంలో కాలింది, ఇప్పుడు తడి తాగి ఉబ్బింది."

మామ తాత నిద్రలు ఎందుకు చేయించేవాడో నాకు ఆ క్షణాన తెలిసింది. మట్టిలో సున్నం ఉంటే ఆ పదహారు రోజుల తడికి మన ఇంట్లోనే బయటపడుతుంది, కొన్నవాళ్ల ఇంట్లో కాదు. మా చెరువు మట్టిలో సున్నం లేదు కాబట్టి మాకు ఒక్కటీ పగల్లేదు.

"ఆవిడకి ఫోన్ చెయ్యి," అంది కోటమ్మ.

"ఈ ఒక్కటేనేమో."

"ఒక్క మట్టే కదా."

"రేపు చూద్దాంలే."

ఫోను నా చొక్కా జేబులోనే ఉంది. చేయలేదు. గురువారం మధ్యాహ్నం ఆవిడే చేసింది. గొంతులో హుషారు. "సుబ్బయ్యా, చట్లన్నిటికీ గంజి పోసి రెండు రోజుల్నించి నానబెట్టాను. రేపు ఇక్కడికే భోజనానికి రా. కోటమ్మని కూడా తీసుకురా. మొదటి చట్టి నీకే."

వస్తామక్కా అన్నాను. ఇంకేమీ అనలేదు. గంజి నీళ్లలో నానుతున్న అరవై చట్లు నా కళ్ల ముందే కనబడుతుంటే, వస్తామక్కా అని ఫోను పెట్టేశాను. సిగ్గుతో రాస్తున్నాను గాని రాయక తప్పదు. ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క ఫోను గురించే.

శుక్రవారం

పొద్దున తొమ్మిదింటికి ఒక్కణ్ణే వెళ్లాను. గది కడిగి ముగ్గు వేసి ఉంది. చట్లు కడిగి గోడ పొడుగునా వరసగా బోర్లించింది. మసాలా వాసన సందు మొదట్లోకే వస్తోంది.

"తొందరగా వచ్చావే. ఆకలి దంచుతోందా?" అంది నవ్వుతూ.

"అక్కా, ఆ చట్లు వాడొద్దు."

ఆవిడ ఒక చట్టి తీసి కణుపుతో కొట్టింది. కంగుమంది. "బాగానే మోగుతున్నాయి కదా?"

"మోగుతాయి. అయినా పగులుతాయి."

ఒక్కొక్కటీ వెలుతురులో పెట్టి చూపించాను. పదకొండు చట్లకి అప్పటికే పెచ్చు లేచింది. మరికొన్నింటికి లోపల తెల్లగా చుక్కలు ఉబ్బుతున్నాయి. మిగతావి ఎప్పుడు లేస్తాయో ఎవరికీ తెలియదు. పెంకు పులుసులో పడుతుంది, పులుసు తినేవాడి పంటి కింద పడుతుంది. ఆవిడ వంటలో పెంకులుంటాయన్న మాట యార్డు అంతా పాకడానికి ఒక్క పూట చాలు.

అక్క నేల మీద కూర్చుంది. అరవలేదు. అరిస్తే బాగుండునని నేను ఎదురుచూస్తున్నాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"బుధవారం రాత్రి."

"నేను నిన్న ఫోన్ చేశాను కదా."

"చేశావు."

"బుధవారం చెబితే నేను వేరే చట్లు చూసుకునేదాన్ని. నిన్న చెప్పినా చూసుకునేదాన్ని. మట్టి చేసిన తప్పు మట్టిది సుబ్బయ్యా. నాకు ఈ రెండు రోజులు లేకుండా చేసింది మట్టి కాదు."

చట్లన్నీ ఎత్తి పెరట్లోకి మోశాను.

వెనక పెరట్లో అరవై చట్లూ నేనే పగలగొట్టాను. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు. మామూలుగా ఆ గుదియ, అంటే దుడ్డుకర్ర, ఇంకెవరి చేతిలోనో ఉంటుంది. ఆవిడ పక్కింటి వాళ్ల దగ్గరికీ, పాత హోటలుకీ పరిగెత్తి స్టీలు గిన్నెలు పోగు చేసుకొచ్చింది. పన్నెండింటికి హమాలీలు, లారీ డ్రైవర్లు వచ్చారు. బోర్డు చదివి, పళ్లెంలో స్టీలు గిన్నె చూసి ఒకతను అడిగాడు, "చట్టి భోజనం అన్నావు, చట్టి ఏదమ్మా?"

"ఇంకా కాలలేదు నాయనా," అంది అక్క.

అందరూ నవ్వారు. ఆ పూటంతా ఎంతమంది అడిగితే అంతమందికీ అదే చెప్పింది. నేను నీళ్లు పోస్తూ అక్కడే తిరుగుతున్నాను. ఇతనే ఆ కుమ్మరి అని ఒక్కసారి వేలు చూపించి ఉంటే నాకు తేలికగా ఉండేది. చూపించలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి మామ మంచం దగ్గర కూర్చున్నాను. "నిద్రలు కాలేదు మామా. అబద్ధం చెప్పాను."

"తెలుసు."

"ఎట్టా?"

"కళ్లకి గుడ్డ కట్టారు గాని చెవులకి కట్టలేదు కదరా. రోజూ తెల్లారి నువ్వు నీళ్లు చల్లే చప్పుడు వింటున్నాను. రెండు రోజులే వినబడింది."

"మరి అప్పుడే అడగలేదేం?"

"నువ్వే చెబుతావని చూశాను. నేనూ అలా ఆగకుండా అడగాల్సింది," అన్నాడు. మామ తప్పు ఒప్పుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత

కొత్త మట్టి వెతకడానికి పదిహేను రోజులు పట్టింది. ఇప్పుడు ఏ మట్టి తెచ్చినా ముందు చిన్న ముద్ద మీద నిమ్మకాయ పిండుతాను. నురగ పొంగితే సున్నం ఉన్నట్టు. పొంగకపోయినా గుడ్డలో వడకడతాను. మీరూ చేయండి. ఖర్చు ఒక నిమ్మకాయ.

అరవై చట్లు మళ్లీ చేసి, పదహారు నిద్రలూ చేయించి తీసుకెళ్లాను. ఊరికే ఇస్తానన్నాను. అక్క ఒప్పుకోలేదు.

"డబ్బు తీసుకో. ఊరికే తీసుకుంటే రేపు బాగాలేదని నిన్ను ఏ నోటితో అడగను?"

తీసుకున్నాను. చట్లు గదిలోకి మోసి పెట్టాను. కూర్చోమనలేదు, మంచినీళ్లు ఇవ్వలేదు. ఆవిడ మర్యాద తప్పే మనిషి కాదు కాబట్టి, కోపం పోలేదని నాకు అర్థమైంది.

తర్వాత రెండు నెలలు ఏ కబురూ లేదు. చట్లు బాగున్నాయో, ఇంకెవరి దగ్గరైనా కొంటోందో తెలియదు. వెళ్లి అడగడానికి ముఖం చెల్లలేదు. పని తప్పిన కుమ్మరిని కొనేవాళ్లు తిట్టరు, ఊరికే రావడం మానేస్తారు. అది నాకు ఆ రెండు నెలల్లో బాగా తెలిసింది. కోటమ్మ అడిగితే కసిరేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం యార్డు వైపు పని పడి సందు మొదట్లో నడుస్తున్నాను. గుమ్మంలోంచి కేక వినబడింది.

"ఏయ్ సుబ్బయ్యా, ఇటు రా."

వెళ్లాను. బల్లల దగ్గర పాతికమంది తింటున్నారు, అందరి ముందూ చట్లు పొగలు కక్కుతున్నాయి. అక్క చేతిలో గరిటె ఉంది.

"ఇట్టాంటి అడుగులు చేస్తావా? రెండు చట్లు బల్ల మీద కుదురుగా కూర్చోవడం లేదు, ఊగుతున్నాయి. కళ్లు కనబడటం లేదా, శ్రద్ధ తగ్గిందా? ఇదుగో వినండయ్యా, ఈ చట్లు చేసింది ఇతనే. అడుగు సరిగ్గా రాకపోతే ఈయన్నే అడగండి."

పాతికమందీ తల తిప్పి నన్ను చూశారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "మార్చి తెస్తానక్కా," అన్నాను.

"ఎప్పుడు?"

"ఆరిన చట్లున్నాయి. కాల్చి నిద్రలు చేయించి తేవాలి, పద్దెనిమిది రోజులు పడుతుంది."

"సరే. కూర్చో, అన్నం తిని పో," అంది.